గుండె దడకు చికిత్స తవక్కుల్‌కు విరుద్ధమా?

కొంతకాలం క్రితం తార్నాకలోని ఒక మస్జిదులో ఇషా నమాజు తర్వాత ఒక యువకుడు మా దగ్గరకు వచ్చి కూర్చున్నాడు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తూ క్యాంపస్ హాస్టల్లో ఉంటున్నాడు. వాళ్ళ ఇంట్లో డిగ్రీ దాటి చదివినవాడు అతనొక్కడే. చాలాసేపు తటపటాయించి, చివరకు నోరు విప్పాడు.

"భాయ్, జమాఅత్‌లో నిలబడగానే గుండె దడదడ కొట్టుకుంటోంది. ఊపిరి ఆడదు. చేతులు చెమట పట్టి చల్లబడతాయి. ఇక్కడే పడి చచ్చిపోతానేమో అనిపిస్తుంది. ఇసిజి తీయించాను, గుండె బాగానే ఉందన్నారు. మరి నాకేమయింది? నా ఈమాన్ బలహీనపడిందా?"

మేము ఏం జవాబిచ్చామో దాచుకోకుండా చెబుతాం. "విశ్వాసికి భయమేమిటి? అల్లాహ్‌పై భారం వెయ్యి. జిక్ర్ ఎక్కువ చెయ్యి. లేనిపోని ఆలోచనలు మానుకో" అన్నాం. మంచి సలహా ఇచ్చామన్న తృప్తితో ఇంటికి వెళ్ళాం.

ఆ తర్వాత కొన్ని నెలలు అతను మస్జిదులో కనిపించలేదు. ఒకరోజు ఆర్ట్స్ కాలేజీ ముందు ఎదురుపడితే ఎందుకు రావడం లేదని అడిగాం. "మీరు చెప్పినట్టే చేశాను భాయ్. అయినా దడ వచ్చింది. వచ్చిన ప్రతిసారీ నాలో ఈమాన్ లేదనడానికి అదొక సాక్ష్యంలా తోచేది. ఆ సాక్ష్యాన్ని చూడలేక రావడమే మానేశాను" అన్నాడు.

మస్జిదుకు దగ్గర చేయాలని మేమన్న మాటే అతన్ని మస్జిదుకు దూరం చేసింది. ఆ రోజు నుంచి ఈ ప్రశ్న మమ్మల్ని వదలలేదు. ఆందోళనతో బాధపడే మనిషి వైద్యుణ్ణి ఆశ్రయిస్తే దైవంపై అతని నమ్మకం తగ్గినట్టా?

భయం పాపమా?

దివ్యఖుర్ఆన్‌ను శ్రద్ధగా చదివేవారికి ఒక విషయం కనిపిస్తుంది. దైవప్రవక్తల భయాన్నీ దుఃఖాన్నీ అల్లాహ్ ఎక్కడా దాచలేదు. హజ్రత్ మూసా (అ)ను ఫిరౌన్ దగ్గరకు వెళ్ళమన్నప్పుడు, తన గుండె బిగుసుకుపోతోందని, నాలుక సాఫీగా ఆడదని ఆయన విన్నవించుకున్నారు. సోదరుడు హారూన్ (అ)ను తోడుగా ఇమ్మని కోరారు. నీ విశ్వాసం ఇంతేనా అని అల్లాహ్ ఆయన్ను మందలించలేదు. అడిగిన తోడు ఇచ్చాడు. హజ్రత్ యాఖూబ్ (అ) కుమారుని ఎడబాటుకు కుమిలి కుమిలి కంటిచూపు పోగొట్టుకున్నారు. అదే మనిషిని సహనానికి ఆదర్శంగా మనం చెప్పుకుంటాం. అంటే ఒకే హృదయంలో సహనమూ బాధా కలిసి ఉండగలవన్నమాట.

మొదటి వహీ అవతరించిన రోజు దైవప్రవక్త (స) వణుకుతూ ఇంటికి వచ్చి దుప్పటి కప్పమన్నారు. వహీ అనుభవాన్ని రోగంతో పోల్చడం మా ఉద్దేశం ఎంతమాత్రం కాదు. ఇంటివారు ఏం చేశారన్నదే ఇక్కడ మనకు పాఠం. హజ్రత్ ఖదీజా (రజి) మొదట ఆయనకు ధైర్యం చెప్పారు, ఆయనలోని మంచిని గుర్తుచేశారు. ఆమె అంతటితో ఆగలేదు. గ్రంథజ్ఞానం కలిగిన తన బంధువు వరఖా బిన్ నౌఫల్ దగ్గరకు స్వయంగా తీసుకువెళ్ళారు. ముందు ఓదార్పు, ఆ తర్వాత తెలిసినవారి సలహా. మన ఇళ్ళలో ఈ రెండూ తప్పిపోయి మందలింపు ఒక్కటే మిగిలింది.

పిలవకుండా వచ్చిపడే దడకు మనిషిని బాధ్యుణ్ణి చేయలేం. మలేరియా జ్వరానికి వణికేవాణ్ణి ఎందుకు వణుకుతున్నావని నిలదీయం కదా! అయితే ఆ దడ వచ్చిన తర్వాత ఏం చేశాడన్నదానికి మాత్రం అతనికి బాధ్యత ఉంది. మన శరీరమూ మనసూ అల్లాహ్ మనకిచ్చిన అమానతులు. అమానతును పాడవుతుంటే చూస్తూ కూర్చోవడం తవక్కుల్ అనిపించుకోదు.

ఒంటెను కట్టినవాడే నమ్మకస్తుడు

ఒంటెను కట్టి నమ్మకముంచాలా, వదిలేసి నమ్మకముంచాలా అని ఒకరు అడిగితే, ముందు కట్టి ఆ తర్వాత దైవంపై నమ్మకముంచమని దైవప్రవక్త (స) బోధించిన సంగతి మన పిల్లలకు కూడా తెలుసు. అల్లాహ్ ఏ రోగాన్నీ మందు లేకుండా దించలేదనీ ఆయన తెలియజేశారు. ఈ బోధను మనం షుగరుకు, బి.పి.కి, కంటి శుక్లాలకు వర్తింపజేస్తాం. మనసు దగ్గరకు వచ్చేసరికి ఎందుకో ఆగిపోతాం.

దైవస్మరణతో హృదయాలు నెమ్మదిస్తాయని ఖుర్ఆన్ చెబుతోంది కదా అని కొందరు అడుగుతారు. నిస్సందేహంగా చెబుతోంది. చింత నుంచి, దుఃఖం నుంచి శరణు వేడే దుఆను దైవప్రవక్త (స) తరచుగా చేసేవారు. కానీ అదే దైవప్రవక్త (స) కుటుంబంలో, మరణం సంభవించిన ఇంటివారికి హజ్రత్ ఆయిషా (రజి) యవల పిండితో తల్బీనా అనే జావ కాయించి పెట్టించేవారు. అది రోగి గుండెకు ఊరటనిస్తుందని ఆయన చెప్పగా ఆమె విన్నారు. దుఆ చేసే నోటికే జావ కూడా అందించారు. ఒకటి ఉంటే రెండోది అక్కరలేదనుకోలేదు. దైవస్మరణ కృంగిన హృదయానికి ఆధారం. దాన్ని ఆ హృదయాన్ని కొట్టే కర్రగా మార్చే హక్కు మనకు లేదు.

ఇది పరాయి విద్యా?

మానసిక వైద్యం పాశ్చాత్యుల నుంచి వచ్చిందని వెనకాడేవారున్నారు. 934లో మరణించిన అబూ జైద్ అల్ బల్ఖీ శరీర సంరక్షణ, ఆత్మ సంరక్షణ రెండింటినీ కలిపి ఒక గ్రంథం రాశారు. శరీరానికి వచ్చినట్టే మనసుకూ రోగాలు వస్తాయని చెప్పి భయం, కోపం, విచారం, వదలని పిచ్చి ఆలోచనలు, ఒక్కొక్కదానికీ వేరుగా చికిత్స వివరించారు. అత్యవసరానికి ఇంట్లో మందులు దాచుకున్నట్టు, ఆరోగ్యంగా ఉన్నప్పుడే మంచి ఆలోచనలను కూడబెట్టుకోవాలని సలహా ఇచ్చారు.

అంత దూరం వెళ్ళనవసరం లేదు. ఆ యువకుడు చదువుతున్న ఉస్మానియా విశ్వవిద్యాలయం చరిత్రే చూడండి. 1918లో అది ప్రారంభమైనప్పుడు బోధనా భాష ఉర్దూ. అందుకోసం 1917లోనే దారుత్తర్జుమా అనే అనువాద సంస్థను నెలకొల్పి ఐరోపా శాస్త్రగ్రంథాలను ఉర్దూలోకి తెచ్చుకున్నారు. వైద్యవిద్యను కూడా ఆ భాషలోనే నేర్పారు. ఉపయోగపడే విద్య ఎక్కడున్నా తెచ్చుకోవాలన్నది ఆ పెద్దల ఆలోచన. వారి వారసులమైన మనం సైకాలజీ పేరు వింటేనే బెదిరిపోవడం న్యాయమా?

చికిత్సలో ఏం జరుగుతుంది?

ఒక తోటి విద్యార్థి చొరవతో ఆ యువకుడు క్లినికల్ సైకాలజిస్టును కలిశాడు. అక్కడ ఏం జరిగిందో అతనే చెప్పాడు. ముందుగా దడ స్వభావాన్ని వివరించారట. ప్రమాదం లేకపోయినా శరీరం ప్రమాద గంట మోగిస్తుంది. సాధారణంగా కొద్ది నిమిషాల్లో తారస్థాయికి చేరి, తర్వాత దానంతటదే తగ్గుతుంది. చచ్చిపోతానన్న ఆలోచన దడను పెంచుతుంది, దడ ఆ ఆలోచనను పెంచుతుంది. భయపడి పారిపోయిన ప్రతిసారీ ఆ చోటంటే భయం ఇంకా ముదురుతుంది. ఈ గొలుసును ఒక్కొక్క లంకె చొప్పున విప్పుకుంటూ రావడమే చికిత్స.

వైద్యుల తేడా కూడా మన కుటుంబాలు తెలుసుకోవాలి. సైకియాట్రిస్టు వైద్యవిద్య చదివిన డాక్టరు, మందులు రాస్తారు. క్లినికల్ సైకాలజిస్టు మాటలతో, అభ్యాసాలతో చికిత్స చేస్తారు. వారికి భారత పునరావాస మండలి రిజిస్ట్రేషన్ ఉండాలి. కౌన్సెలర్ అని బోర్డు పెట్టిన ప్రతివారూ అర్హులు కారు. ఆందోళనకు రాసే మందుల్లో చాలావాటి గుణం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుంది. బాగుందనిపించగానే సొంతంగా ఆపేయకూడదు. స్త్రీలు మహిళా వైద్యురాలిని కోరవచ్చు. నమాజు, రోజా తనకెంత ముఖ్యమో మొదటి రోజే చెప్పుకోవచ్చు. మంచి వైద్యులు రోగి విశ్వాసాన్ని గౌరవిస్తారు. ఎవరైనా ఎగతాళి చేస్తే వైద్యుణ్ణి మార్చాలి గాని వైద్యం మానకూడదు.

లోకులేమంటారు?

మన నగరంలో ఎర్రగడ్డ పేరు చెబితే చాలు, నవ్వుతారు. అక్కడున్నది ప్రభుత్వ మానసిక వైద్యశాల. రోగులు కోలుకునే చోటును మనం తిట్టుగా మార్చుకున్నాం. జిన్ను పట్టిందని, చేతబడి జరిగిందని ఆమిళ్ళ చుట్టూ తిరిగి వేలు పోయడానికి సిగ్గుపడని కుటుంబం డాక్టరు చీటీని మాత్రం పరుపు కింద దాస్తుంది. సంబంధాలు తప్పిపోతాయని భయం. ఈ భయాన్ని పుట్టించింది మన నాలుకలే. ఒకరి చికిత్సను నలుగురిలో చెప్పుకుని నవ్వడం గీబత్ కాక మరేమిటి? చికిత్స వివరాలను గోప్యంగా ఉంచుకునే హక్కును 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కూడా రోగికి ఇచ్చింది. బయటకు వెళ్ళలేనివారి కోసం 2022 అక్టోబరులో టెలి మానస్ అనే ఉచిత సహాయ సేవ మొదలైంది. 14416కు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. బతుకు మీద విరక్తి మాటలు ఎవరి నోటనైనా వినిపిస్తే ఒక్క రోజు కూడా ఆలస్యం చేయకూడదు.

ఒక మాట మాత్రం మరచిపోవద్దు. ప్రతి చింతా రోగం కాదు. కూతురి కట్నం కోసం వడ్డీకి తెచ్చిన అప్పు నిద్రపట్టనివ్వకపోతే, ఆ తండ్రికి వైద్యుడి కంటే ముందు కట్నం అడగని అల్లుడు కావాలి. అది సమాజం మోయాల్సిన బరువు. దాన్ని సైకాలజిస్టు మీదకు నెట్టి మనం తప్పించుకోలేం.

ద్వారం పక్కన ఒక చోటు

చికిత్సలో భాగంగా ఆ యువకుడు మస్జిదుకు తిరిగి వచ్చాడు. మొదట చివరి వరుసలో, ద్వారం పక్కన నిలబడ్డాడు. ఎప్పుడైనా వెళ్ళిపోవచ్చన్న ధైర్యం కోసం. దడ వచ్చినా వెళ్ళకుండా, అది తగ్గేదాకా నిలబడటం అభ్యాసం చేశాడు. కొన్ని వారాలకు ఒక వరుస ముందుకు, మరికొన్ని వారాలకు ఇంకో వరుస ముందుకు వచ్చాడు. ఇప్పటికీ అప్పుడప్పుడు దడ వస్తుందంటాడు. కానీ దాన్ని తన ఈమాన్ మీద తీర్పుగా ఇప్పుడు చూడడు.

నమాజు చేయిస్తుండగా పసిబిడ్డ ఏడుపు వినిపిస్తే, ఆ తల్లి గుండె ఎంత తల్లడిల్లుతుందోనని దైవప్రవక్త (స) నమాజును కుదించేవారు. వెనక వరుసలోని ఒక తల్లి ఆందోళనకు అంత విలువ ఇచ్చిన మహనీయుని సముదాయం మనది. మన పక్కన నిలబడినవారి గుండె దడ మనకు వినిపించకపోవచ్చు. వచ్చి చెప్పుకున్నప్పుడైనా తీర్పు చెప్పకుండా వినగలగాలి, వైద్యుని దాకా తోడు వెళ్ళగలగాలి.

కృంగిన హృదయాలకు అల్లాహ్ స్వస్థతను ప్రసాదించుగాక! వారి పట్ల మా నోటి తొందరపాటును క్షమించుగాక! ఆమీన్.