నీడను కత్తిరించినవాళ్ళు

1820 ఏప్రిల్ 3న హవాయి తీరంలో, థాడియస్ అనే ఓడ మీద ఒక కుట్టు తరగతి జరిగింది. అమెరికా నుంచి వచ్చిన మిషనరీల భార్యలు, అక్కడి గొప్పింటి స్త్రీలు నలుగురి చేతికి రంగుగుడ్డల ముక్కలిచ్చి, అతికి కుట్టడం చూపించారు.

ఆ పని వాళ్ళకు వింతగా తోచిందంటారు. తోచదూ మరి! మన ఇళ్ళలో బొంత అంటే నలిగిన చీరలకు రెండో బతుకు. హవాయిలో చెట్టు బెరడును సాగగొట్టి ‘కపా’ అనే బట్ట చేసుకునేవారు. అది చుట్టుకునేదే తప్ప కత్తిరించి కుట్టుకునేది కాదు కాబట్టి ముక్కలు మిగిలేవి కావు. నిక్షేపంలాంటి కొత్త గుడ్డను ముక్కలు చేసి, మళ్ళీ అతకడమెందుకు?

హవాయి స్త్రీలు మరో దారి పట్టారు. నిండు గుడ్డను ఎనిమిది పొరలుగా మడిచి, కత్తెర ఆడించి విప్పుతారు. నడిమి నుంచి నాలుగు వైపులా ఆకులూ కాయలూ విచ్చుకుంటాయి. దాన్ని తెల్లగుడ్డ మీద పరిచి, అంచులు లోపలికి మడుస్తూ కుడతారు.

మొదటి బొంతకు ఉలు చెట్టునే ఎంచుకోవడం ఆనవాయితీ. ఉలు మన పనసకు దాయాది, తెలుగులో సీమపనస. కరువులో పిల్లల ఆకలి చూడలేక కూ అనే దేవుడు భూమిలోకి దిగిపోయి ఈ చెట్టై మొలిచాడని అక్కడి కథ. దానితో మొదలుపెట్టిన చేతికి లోటుండదని నమ్మకం.

ఆరేసిన దుప్పటి మీద చెట్టు నీడ పడిందనీ, ఆ నీడనే ఒకామె కత్తిరించిందనీ ఇంకో కథ. నిజమో కాదో గానీ, బొంతను చూస్తే నమ్మబుద్ధవుతుంది. ఈనెలు లేవు, రంగుల తేడా లేదు, ఉన్నదంతా ఆకారమే. తిండి పెట్టే చెట్టు నుంచి తినలేని భాగాన్ని ఏరుకోవడంలో ఏదో మర్యాద ఉంది.

హవాయి ఉలులో గింజలుండవు. వేరు నుంచి వచ్చిన పిలకను ఎవరో తవ్వి ఇంకొకరికి ఇవ్వాల్సిందే. బొంత నమూనాలూ ఒకప్పుడు అంతే. ఇంటివాళ్ళు ఇస్తేనే తీసుకోవాలి, అడగకుండా గీసుకుంటే దొంగతనం. ఇప్పుడు అవి పుస్తకాల్లో దొరుకుతున్నాయి. అందువల్ల కళ బతికింది, కాదనలేం. ఇచ్చిన మనిషి ముఖం మాత్రం నమూనాతోపాటు రాదు.

బొంత తయారీలో చివరి పని, దాని పొరలన్నీ కలిపే కుట్టు. అది నడిమి నుంచి మొదలై, ఆకు అంచు వెంబడే వరుస వెనక వరుసగా అలల్లా బయటికి పోతుంది. పెద్ద బొంతకైతే ఏళ్ళు పట్టొచ్చు.