పాలకుడికి అయినవాళ్లెవరు?

ప్రజాప్రతినిధి స్నేహాలు, చుట్టరికాలు, వ్యాపార సంబంధాలు అతని నిర్ణయాల్లోకి ఎంతవరకు రావచ్చన్నది రాజనీతిలో పాత ప్రశ్నే. ఉద్యోగాలు, కాంట్రాక్టుల దగ్గర జవాబు తేలిక. అయినవాడికి కట్టబెడితే కానివాడు నిలదీస్తాడు, కోర్టుకెక్కుతాడు, వచ్చే ఎన్నికల్లో ఓడిస్తాడు. వాతావరణ మార్పు విషయంలో ఈ అడ్డుకట్ట నిలవదు. ఇవాళ గాలిలో కలిసిన కార్బన్ డయాక్సైడ్‌లో కొంత వందల ఏళ్లపాటు అక్కడే ఉంటుంది. దానివల్ల నష్టపోయేవాళ్లలో చాలామంది ఇంకా పుట్టనేలేదు. మొహం చూసి బొట్టుపెట్టే రాజకీయంలో మొహమే లేనివాళ్ల సంగతేమిటన్నది అసలు చిక్కు.

బంధుత్వాన్ని పూర్తిగా పక్కన పెట్టాలన్నది ఒక వాదం. ఆంగ్ల తాత్వికుడు విలియం గాడ్విన్ 1793లో దాన్ని చివరి అంచుదాకా తీసుకెళ్లాడు. ఇల్లు తగలబడుతున్నప్పుడు ఫ్రెంచి మతాచార్యుడు ఫెనెలాన్, ఇంటి పనిమనిషి ఇద్దరిలో ఒక్కరినే బయటకు తేగలిగితే ఫెనెలాన్‌నే తేవాలి, ఆ పనిమనిషి కన్నతల్లే అయినా సరే అన్నాడు. లోకానికి ఎవరివల్ల ఎక్కువ మేలన్నదే ఆయన కొలత. దీనికి ఎదురువాదం 20వ శతాబ్దంలో బెర్నార్డ్ విలియమ్స్‌ది: ప్రమాదంలో ఉన్న భార్యను కాపాడే ముందు అది న్యాయమా కాదా అని తర్కించే భర్త అక్కర్లేని ఆలోచన ఒకటి ఎక్కువగా చేస్తున్నాడు. ఇంటికి విలియమ్స్, గద్దెకు గాడ్విన్ అని పంచేస్తే సరిపోతుందనిపిస్తుంది. కానీ గద్దెనెక్కేవాడు ఇంటిని గుమ్మం బయట వదిలి రాడు.

మహాభారతానికి ఈ సంగతి బాగా తెలుసు. ఉద్యోగపర్వంలో నిద్రపట్టని ధృతరాష్ట్రుడు విదురుణ్ణి పిలిపించుకుని రాత్రంతా నీతి విన్నాడు. అంతా విని, నువ్వు చెప్పిందే నిజమని ఒప్పుకున్నాడు; అయితే దుర్యోధనుడు ఎదురుపడేసరికి తన మనసు మళ్లీ అటే తిరిగిపోతుందనీ చెప్పుకున్నాడు. అక్కడ లోపించింది తెలివిడి కాదు. వాతావరణ శాస్త్రం విషయంలోనూ నేతల్లో అజ్ఞానులకన్నా ధృతరాష్ట్రులే ఎక్కువ అనుకోవడానికి ఆధారాలున్నాయి.

జర్మనీలో పుట్టిన యూదు తాత్వికుడు హాన్స్ యోనాస్ 1979లో ప్రచురించిన బాధ్యతా సిద్ధాంత గ్రంథంలో మూడో దారి చూపాడు. ఆయన దృష్టిలో బాధ్యతకు మూలరూపాలు రెండు: తల్లిదండ్రులు, రాజనీతిజ్ఞుడు. బిడ్డ బాధ్యత ఒక పూటకో ఒక్క అవసరానికో పరిమితం కాదు. అది జీవితమంతటినీ పట్టించుకుంటుంది, మధ్యలో తెగదు, రేపటివైపు చూస్తుంది. పాలకుడి బాధ్యతకూ ఈ మూడు గుణాలూ ఉండాలి. తేడా ఒక్కటే: తండ్రికి బాధ్యత ప్రకృతి ఇచ్చింది, నాయకుడు దాన్ని ఓట్లడిగి మరీ తెచ్చుకున్నాడు. కాబట్టి బంధుప్రేమను చంపుకోనక్కర్లేదు, దాన్నే ఇంకా పుట్టనివాళ్ల దాకా చాపాలి. ఇది ఐదేళ్ల పదవికి మోయలేని బరువేనని ఆక్షేపించవచ్చు. అందులో న్యాయముంది.

అమెరికాలో సౌత్ కరోలినా రిపబ్లికన్ బాబ్ ఇంగ్లిస్ ఉదంతం ఈ సిద్ధాంతానికి అచ్చమైన పరీక్ష. 1993 నుంచి 1999 వరకు కాంగ్రెస్ సభ్యుడిగా ఉన్నప్పుడు ఆయన వాతావరణ మార్పును కొట్టిపారేశాడు. కారణం శాస్త్రం కాదు, దాన్ని అవతలి పార్టీ నేత అల్ గోర్ చెబుతుండటం. 2004లో మళ్లీ పోటీకి దిగినప్పుడు, అప్పుడే ఓటుహక్కు వచ్చిన కొడుకు తన ఓటు తండ్రికేనని, కాకపోతే పర్యావరణం విషయంలో తీరు మార్చుకోవాలని చెప్పాడు. తర్వాత సైన్స్ కమిటీ తరఫున అంటార్కిటికా వెళ్లి, మంచుపొరల్లో చిక్కుకున్న పురాతన గాలి బుడగలు ఏం చెబుతున్నాయో తెలుసుకున్నాడు. కొడుకు మాట తలుపు తీసింది, సాక్ష్యం ఆ తర్వాత లోపలికొచ్చింది. ఈ వరస గమనించదగ్గది. 2009లో కార్బన్‌పై పన్ను వేసి, ఆ మేరకు జీతాలపై పన్ను తగ్గించే బిల్లు ప్రతిపాదించాడు. 2010 జూన్‌లో సొంత పార్టీ ప్రాథమిక ఎన్నికలోనే చిత్తుగా ఓడాడు. ఓటమికి కారణాలు ఇంకా ఉన్నా, ఇదీ వాటిలో ఒకటి.

వెస్ట్ వర్జీనియాకు చెందిన, అప్పట్లో డెమోక్రాట్ అయిన జో మాంచిన్‌ది దీనికి తిరగేసిన కథ. 1988లో బొగ్గు వ్యాపార కంపెనీ పెట్టాడు. రాజకీయాల్లో పైకొచ్చాక దాన్ని కొడుకు నడిపించాడు. అందులోంచి ఏటా లక్షల డాలర్ల ఆదాయం వచ్చేది. 2010 సెనేట్ ప్రచార ప్రకటనలో కర్బన ఉద్గారాల నియంత్రణ బిల్లును రైఫిల్‌తో గురిచూసి కాల్చాడు. 2021 డిసెంబరులో అప్పటి అధ్యక్షుడు బైడెన్ తెచ్చిన, వాతావరణ చర్యలు కూడా ఉన్న భారీ బిల్లును ఆపేశాడు. 2022 ఆగస్టులో మాత్రం అమెరికా చరిత్రలోనే అతిపెద్ద వాతావరణ చట్టానికి ఓటేశాడు. సెనేట్‌లో అది 51-50తో గట్టెక్కింది, అంటే ఆయన ఓటు లేకపోతే అది లేదు. బదులుగా చమురు, గ్యాస్ లీజులకు రాయితీలు రాబట్టుకున్నాడు.

సంబంధాలనే చూసి తీర్పు చెబితే మాంచిన్ దోషి, ఇంగ్లిస్ సజ్జనుడు. ఓట్ల చిట్టా మాత్రమే చూస్తే లెక్క తారుమారవుతుంది. 2009 జూన్‌లో ప్రతినిధుల సభ 219-212తో ఆమోదించిన వాతావరణ బిల్లుకు ఇంగ్లిస్ వ్యతిరేకంగా ఓటేశాడు. ఉద్గారాల హక్కులను కొనుక్కుని అమ్ముకునే ఆ పద్ధతి కన్నా పన్నే మేలన్నది ఆయన అభిప్రాయం. ఆయన సొంత బిల్లు సభ గడప దాటలేదు. ఫలితాన్నే కొలిచే గాడ్విన్ తరహా నీతిలో ఆయనకు దక్కే మార్కులు తక్కువ. తండ్రిలా పూచీపడ్డాడా లేదా అని చూసే యోనాస్ లెక్కలో ఎక్కువ. మాంచిన్‌కు మొదటి కొలతలో మంచి స్థానమే దొరుకుతుంది, రెండో కొలతలో బొగ్గు అడ్డుపడుతుంది. ఓటరు చేతిలో ఉన్నది చాలావరకు మొదటి కొలతే, ఎందుకంటే సభలో పడిన ఓటు రికార్డులో ఉంటుంది. ఏ బంధం ఎటు లాగిందన్నది ఇంగ్లిస్‌లా నాయకుడు తానే చెప్పుకుంటే తప్ప బయటపడదు. అందుకే ఆస్తుల వెల్లడి, విరాళాల వెల్లడి నియమాలు నీతికి ప్రత్యామ్నాయం కాకపోయినా, ధృతరాష్ట్రుడు తన రాత్రి మాటలను పగలు సభలో చెప్పాల్సిన పరిస్థితి తెస్తాయి.