నిట్టూర్పు
ధ్యాన భాగము: మార్కు 7:31–37



చెవుడును నత్తియు గల యొకని ప్రభువునొద్దకు తెచ్చిరి. ఆయన వానిని జనుల నడుమనుండి తప్పించి, వాని చెవులను, నాలుకను ముట్టి, పైకి చూచెను. పిమ్మట "ఎప్ఫతా" అనెను. ఈ రెంటి మధ్య ఆయన నిట్టూర్చెనని మార్కు వ్రాసెను. మనము ఎప్ఫతా మీద ఎన్నో ప్రసంగములు వింటిమి. నిట్టూర్పును మాత్రము దాటిపోవుదుము. స్వస్థపరచు శక్తిగలవాడు నిట్టూర్చనేల?

నిడు అనగా పొడవు, ఊర్పు అనగా ఊపిరి. నడు, ఇల్లు కలిసి నట్టిల్లు అయినట్లే, ఈ రెండును కలిసి నిట్టూర్పు అయినది. చిన్నయసూరి బాలవ్యాకరణము చదివినవారికి ఈ సంధి జ్ఞాపకముండును. చూడగా ఆ మాటలో దుఃఖమే లేదు. పొడవైన ఊపిరి, అంతే. కీసరగుట్ట ఎక్కినవాడు పైన నిలిచి విడుచునదియు, కట్టెలమోపు దించిన తల్లి "అమ్మయ్య" అని విడుచునదియు, కూతురిని అత్తవారింటికి సాగనంపి గడపలో నిలిచిన తండ్రి విడుచునదియు ఆ యూపిరియే.

ఉసురు అను మాట దీనికి చుట్టము. ఉసురనగా ప్రాణము. బీదవానిని ఏడిపించినవానితో మన పెద్దలు "ఉసురు తగుల్తది" అందురు. కొందరు దీనిని శాపమని భయపడుదురు. శాపమునకు శక్తి యున్నదని నేననను. వినువాడొకడున్నాడు, భయపడవలసినది అందుకే. నిర్గమకాండము 2వ అధ్యాయము చూడుడి. ఐగుప్తులో దాసులైనవారు చక్కని ప్రార్థన కూర్చిరని అక్కడ లేదు. వెట్టిపనులవలన నిట్టూర్చిరి, మొరపెట్టిరి, దేవుడు వినెను. వెట్టి అను మాటకు తెలంగాణ పల్లెలలో నిఘంటువు అక్కరలేదు. ఇక్కడ జాగీర్లు 1949లో రద్దయినవి. వెట్టిచాకిరి నిర్మూలన చట్టము 1976లో వచ్చినది. కీసర 2016లో మేడ్చల్ జిల్లాలో చేరినది. ఔటర్ రింగురోడ్డు వచ్చినది, పొలములు ప్లాట్లయినవి, ఇండ్లు లేచుచున్నవి. కాని సాయంకాలమున "కూలి రేపిస్త, పో" అనిపించుకొన్నవాడు మారుమాటాడడు. ఒక్క నిట్టూర్పు విడిచి పోవును. ఆ మాట అన్నవాడు ఆదివారము మన ప్రక్కన నిలిచి కీర్తన పాడినయెడల, అతని పాటయు, కూలివాని నిట్టూర్పును ఒకే చెవిని చేరును. ఏది ముందు చేరునో అతడే తలంచుకొనవలెను.

మరియొక సంగతి. మార్కు వాడిన గ్రీకు మాటయే యాకోబు 5:9లో ఒకరిమీద ఒకరు సణుగుటను గూర్చి వాడబడినది. రోమా 8:26లో ఆత్మ చేయు మూలుగును ఆ కుటుంబములోని మాటయే. పొరుగువాని మీదికి త్రిప్పిన ఊపిరి సణుగుడగును, దేవుని వైపు విడిచిన ఊపిరి ప్రార్థనయగును.

ప్రార్థన కూటములో తన వంతు వచ్చినప్పుడు నోరు పెగలక తలవంచుకొను విధవరాండ్రు మన సంఘములలో గలరు. "నాకు ప్రార్థన రాదయ్యగారూ" అని వారు నొచ్చుకొందురు. విశ్వాసి నిట్టూర్చరాదని బోధించువారును గలరు. వారు మార్కు 7వ అధ్యాయమును, 8:12ను మరల చదువుదురు గాక. ఆ అక్కతో నేను చెప్పునది ఒక్కటే: అమ్మా, నీవు విడిచినది రోమా పత్రికలో ఉన్నది, ఆమేన్ చెప్పి కూర్చుండుము.

ప్రభువు ఎందుకు నిట్టూర్చెనో మార్కు చెప్పలేదు. ఆ యొక్కని కొరకో, వానివంటి వారందరి కొరకో. చెవిటివానికి ఆ నిట్టూర్పు వినబడియుండదు. కాని వాడు ఆయన యెదుటనే నిలిచియుండెను. ఆయన రొమ్ము పొంగి తగ్గుట చూచియుండును.