అక్కడ ఉన్నవాడి పతకం

ఢిల్లీలో తీన్‌మూర్తి భవన్ ఎదుట, రోడ్ల కూడలిలో ముగ్గురు సైనికుల కంచు విగ్రహాలుంటాయి. 1922లో పెట్టినవి, లియొనార్డ్ జెన్నింగ్స్ అనే శిల్పి చేసినవి. జోధ్‌పూర్, మైసూర్, హైదరాబాద్ సంస్థానాల ఆశ్విక దళాలకు అవి గుర్తు. 2018లో ఆ కూడలి పేరుకు హైఫా పేరు కూడా కలిపారు. పాలస్తీనాలో ఆ రేవు పట్టణాన్ని 1918 సెప్టెంబర్ 23న మన గుర్రపు దళాలు ఒట్టోమన్ టర్కీ చేతుల్లోంచి లాక్కున్నాయి. అవతల మరతుపాకులు, ఫిరంగులు. ఇవతల ఈటెలు, కత్తులు. జోధ్‌పూర్ దళాన్ని నడిపించిన మేజర్ దల్పత్ సింగ్ అక్కడే నేలకొరిగాడు. పదమూడు వందల మందికి పైగా శత్రువులు పట్టుబడ్డారు.

హైదరాబాద్ దళం మాత్రం ఆ దాడిలో లేదు.

మూడు దళాలూ ఒకే బ్రిగేడ్‌లోవి. 1914లోనే ఈజిప్టు చేరి, సూయజ్ కాలువకు కాపలా కాసి, సినాయ్ ఎడారి దాటి వచ్చినవాళ్లే హైదరాబాద్ లాన్సర్లు. అయినా వాళ్లకు యుద్ధ ఖైదీలను చూసుకునే పని అప్పజెప్పారు. టర్కీ సుల్తాను ఖలీఫా, నిజాం ముస్లిం ప్రభువు, అందుకే ఇంగ్లిషు అధికారులు వాళ్లను దాడికి పంపలేదని చెబుతారు. నాలుగేళ్లు నమ్మకంగా కొలువు చేసినవాళ్లను చివరి ఘడియలో పక్కన నిలబెట్టడం ఎంత గాయమో, ఆ గాయం ఏ దస్త్రంలోనూ ఉండదు.

నేనీ సంగతి ఆలోచించడం మొదలుపెట్టింది హైటెక్ సిటీలో, రాత్రి షిఫ్టులో. రెండు గంటలప్పుడు చాయ్ తాగుతుంటే, మా టీములో పనిచేసే లంగర్‌హౌజ్ కుర్రాడు జేబులోంచి చేతిరుమాలు తీసి విప్పాడు. అందులో ఒక వెండి పతకం. ఒకవైపు ఐదో జార్జి తల, ముక్కు దగ్గర అరిగి నున్నగా అయింది. రెండో వైపు బట్టల్లేని రౌతు, గుర్రం కాళ్ల కింద గద్ద బొమ్మ ఉన్న డాలు. కింద ఒక కపాలం. రిబ్బను ఎప్పుడో పోయింది. పతకాన్ని నిలువుగా పట్టుకుని ట్యూబ్‌లైటు వైపు తిప్పితే, అంచు మీద ఇంగ్లిషు పెద్దక్షరాల్లో ముందు నెంబరు, తర్వాత సవార్ అన్న హోదా, పేరు, హైదరాబాద్ లాన్సర్స్.

"మా పర్‌దాదాది అన్నా. హైఫాల లడాయి చేసిండంట. దాదా చెప్పేటోడు" అన్నాడు.

అతని కళ్లలో వెలుగు చూసి ఆ పూట నేనేమీ అనలేదు.

ఆ పతకం పేరు బ్రిటిష్ వార్ మెడల్. సాహసానికి ఇచ్చే పతకాలు వేరు, వాటికి సాక్ష్యం కావాలి, పై అధికారి సిఫారసు కావాలి. ఇది దండయాత్ర పతకం. మొదటి ప్రపంచ యుద్ధంలో, ఆ సంవత్సరాల్లో, నువ్వు కొలువులో ఉన్నావా? ఉంటే నీకొకటి. అలా అరవై లక్షలకు పైగా పంచారు. పశ్చిమ గోదావరిలో తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం నుంచి ఆ యుద్ధానికి 90 మంది వెళ్లారని ఆ ఊరివాళ్లు గర్వంగా చెప్పుకుంటారు. మిలిటరీ మాధవరం అన్న పేరు ఊరికే రాలేదు. ఇంతమందికి ఇచ్చినదానికి విలువేముంది అనేవాళ్లున్నారు. నాకు మాత్రం ఉన్నందుకు ఇచ్చే పతకమే ఎక్కువ నిజాయితీగా అనిపిస్తుంది. యుద్ధమంటే గంట సేపు గుర్రాన్ని ఉరికించడం ఒక్కటేనా? మిగిలిన నాలుగేళ్లూ గుర్రాలకు నీళ్లు పట్టడం, ఇసుకలో పహరా తిరగడం, జ్వరంతో వణుకుతూ కూడా లేచి హాజరు పలకడం. మా దగ్గరా అంతే. కొత్త వెర్షన్ విడుదలైన రోజు వేదికెక్కేవాళ్లు నలుగురు. ఎక్కడో సముద్రానికవతలి బ్యాంకు సర్వరు ఆగిపోకుండా ఏడాదంతా రాత్రిళ్లు తెర ముందు కూర్చున్నవాళ్ల పని ఏమిటో వాళ్ల ఇంట్లోవాళ్లకే సరిగా తెలియదు. ఏమీ జరగకపోవడమే వాళ్ల పనితనం.

అలాగని ఆ పతకానికి నేను దణ్ణం పెట్టలేను. ఇదే పతకాన్ని కూలి దళాల్లో పనిచేసిన మనవాళ్లకు, చైనావాళ్లకు వెండితో కాకుండా కంచుతో పోసి ఇచ్చారు. బరువులు మోసినవాడు ఉన్నది కూడా అదే యుద్ధంలోనే కదా! లోహంలో కూడా అంతరం చూపించిన ఆ మనసును క్షమించడం నాకు సాధ్యం కాదు. ఇక ప్రభువుల లెక్క ఇంకోలా నడిచింది. సరిహద్దుల రక్షణకని 1887లో ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ అరవై లక్షల రూపాయలు ఇస్తాననడంతోనే సంస్థానాల సైన్యాల ఆలోచన ఊపందుకుంది. ఏడో నిజాం ఉస్మాన్ అలీఖాన్ టర్కీ ఖలీఫా పిలుపును కాదని ముస్లింలు ఇంగ్లిషువాళ్లకే విధేయంగా ఉండాలని చెప్పాడు, విమానాలకు డబ్బిచ్చాడు. బ్రిటిష్ వైమానిక దళంలో 110వ స్క్వాడ్రన్‌కు హైదరాబాద్ పేరు పెట్టారు. 1918లో ఆయనకు మరే సంస్థానాధీశుడికీ లేని బిరుదు దక్కింది. ఈ బేరంలో సవారును ఎవరూ ఏమీ అడగలేదు.

అడిగి ఉంటే ఏమనేవాడో! తన మతంవాళ్లే ఖైదీలై ఎదురుగా కూర్చున్నారు. మాసిన బట్టలు, ఎండిన పెదవులు. తను వాళ్ల మీద తుపాకీ పట్టుకుని నిలబడాలి. నమాజు వేళకు ఇద్దరూ ఒకే దిక్కుకు తిరుగుతారు. దాడిలో ఉన్నవాడికి ఆలోచించే తీరిక ఉండదు, కాపలావాడికి రాత్రంతా తీరికే. ఆ రాత్రి అతను ఒకడికి నీళ్లిచ్చాడో, కసిరాడో మనకు తెలిసే దారి లేదు. కానీ ధర్మసంకటమనేది ఒకటుంటే, హైఫా కొండ కింద దూకిన గుర్రాల దగ్గరకంటే ఈ కాపలా దగ్గరే ఎక్కువ ఉందని నా నమ్మకం. పట్టుబడ్డవాడిని ప్రాణాలతో, తిండితో, ఒక పద్ధతిలో నిలపడం సైనికుడి పనుల్లో చిన్నదేమీ కాదు. దానికి విగ్రహాలు పెట్టరు, అంతే.

కొన్నాళ్లకు ఆ కుర్రాడికి ఈ సంగతంతా చెప్పాను. అప్పటికి వాళ్లింట్లో పెళ్లి కుదిరింది. ఆ పతకాన్ని అద్దాల చట్రంలో పెట్టి, కింద నాలుగు వాక్యాలు రాసి హాల్లో తగిలించాలని వాళ్ల నాన్న కోరిక. నా మాటలు విని అతని ముఖం వాడిపోయింది.

"అంటే మా పర్‌దాదా లడాయి చెయ్యలేదా?"

"నాలుగేళ్లు చేశాడు. ఆ రోజు ఖైదీలను కాపాడాడు."

"గట్ల రాస్తే చుట్టాలు నవ్వుతరన్నా. హైఫా అని రాద్దాం. గా దళమే కద, తప్పేమున్నది?"

నేను ఒప్పుకోలేదు. ఆ సవారు చేయని పనిని అతనికి అంటగడితే, చేసిన పనిని మనమూ తీసిపారేసినట్టే అన్నాను. ఇంగ్లిషు అధికారి ఒకసారి పక్కన నిలబెట్టాడు, మనవళ్లు రెండోసారి నిలబెట్టడం ఎందుకని అడిగాను. గంటసేపు వాదించుకున్నాం. ఈ లోపు అతని ఫోన్‌కు రెండు అలర్టులొచ్చాయి, లేచి వెళ్లి చూసుకుని వచ్చాడు. చివరికి తెలుగులోనూ ఉర్దూలోనూ రాయడానికి ఒప్పుకున్నాం. సూయజ్, సినాయ్, పాలస్తీనా అని ఉంటుంది. ఆ తర్వాతి వాక్యంలో "యుద్ధ ఖైదీల సంరక్షణ" అని నేను రాసిచ్చాను. వాళ్ల నాన్న ఇంకా ఏ మాటా చెప్పలేదు.