చప్పుడు ఎప్పుడొస్తోంది?

పాత ట్రాక్టర్ వెనక చక్రంలో ఏదో చప్పుడని మెకానిక్ దగ్గరికి వచ్చిన రైతు ముందుగా ఆ చప్పుడును నోటితో చేసి చూపిస్తాడు. టక్‌టక్‌మంటోందా, గరగరలాడుతోందా, ఊళ పెడుతోందా అన్నది అతని గొంతులోనే తెలిసిపోతుంది. పనితనమున్న మెకానిక్ నవ్వడు. వెంటనే పానా కూడా అందుకోడు. ‘‘ఎప్పుడొస్తోంది?’’ అని అడుగుతాడు. తిన్నగా పోతున్నప్పుడా, చేను చివర తిప్పేటప్పుడా? తొట్టి తగిలిస్తేనా, ఖాళీగా ఉన్నా వస్తోందా? బ్రేకు తొక్కితే మారుతోందా?

మనకు అంత ఓపిక ఉండదు. ఏం పోయిందో చెప్పమంటాం. బేరింగ్ పోయిందనో, క్రౌన్ అరిగిందనో ఎవరైనా ఒక పేరు చెబితే సగం భయం తీరిపోతుంది. ఆ తీరిన భయానికే హౌసింగ్ విప్పించి డబ్బు పోసినవాళ్లు ఊరికి నలుగురుంటారు. చివరికి చూస్తే టైరు గట్ల మధ్య రాయి ఇరుక్కుని మడ్‌గార్డ్‌కు తగులుతుంటుంది.

‘ఎప్పుడు’ అన్న ప్రశ్నకు అంత బలం ఎక్కడిదంటే, లోపలున్న పళ్ల చక్రాలన్నీ అన్నివేళలా ఒకే పని చేయవు. మలుపులో లోపలి చక్రం తక్కువ దూరం, బయటి చక్రం ఎక్కువ దూరం తిరగాలి. దానికోసమే డిఫరెన్షియల్. ఆవిరి బండి కోసం ఒనెసిఫోర్ పెక్యూర్ అనే ఫ్రెంచి మనిషి 1827లో దానికి పేటెంట్ తీసుకున్నాడు. అందులోని చిన్న గేర్లు బండి తిన్నగా పోతున్నంతసేపు తమ చుట్టూ తాము తిరగవు. మలుపులోనే వాటికి పని. కాబట్టి తిప్పేటప్పుడు మాత్రమే టకటకమంటే అనుమానం అటు పోవాలి. డిఫరెన్షియల్ లాక్ వదలకుండా పట్టేసి ఉందేమో కూడా చూడాలి.

తిన్నగా పోతున్నా చప్పుడు వస్తుంటే టైరు మీద సుద్దముక్కతో గీత గీసి, బండిని మెల్లగా నడిపించి, పక్కన నడుస్తూ లెక్కపెట్టాలి. చుట్టుకు ఒక్కసారే వస్తే అది చక్రంతోపాటు తిరిగేదేదో అయి ఉంటుంది: డిస్కు నట్టు, రిమ్ము బోల్టు, యాక్సిల్. చుట్టుకు చాలాసార్లు వస్తే లోపల అంతకన్నా వేగంగా తిరిగే షాఫ్టో పినియనో. ఇంత చిన్న లెక్క సుద్దముక్కతో తేలిపోతుందని తెలిశాక, ఇంట్లో పెద్దాయన విసుగుకూ మోకాలి నొప్పికీ కూడా ఆ గీత ఎందుకు గీయలేదా అనిపిస్తుంది. ‘ఆయన గుణమే అంత’ అని పేరు పెట్టేశాం. ఏ పూట, ఎవరొచ్చినప్పుడు, ఏ మాట తర్వాత అని ఎవరం లెక్కపెట్టాం? ట్రాక్టర్‌లోంచి వేదాంతం పిండటం నాకంత ఇష్టం లేదు గానీ, ఈ ఒక్కటి తప్పించుకోలేకపోయాను.

చెవిని కూడా పూర్తిగా నమ్మకూడదు. పోత ఇనుప హౌసింగ్ చప్పుడును ఈ కొస నుంచి ఆ కొసకు మోస్తుంది. కుడివైపు వినిపించేది ఎడమవైపుది కావచ్చు. ముందు చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, జాకీ ఒక్కదాన్నే నమ్మకుండా యాక్సిల్ కింద చెక్కదిమ్మలు పేర్చి, వెనక చక్రం నేల వదిలాక ఇంజను ఆపేసే ఉంచి, న్యూట్రల్‌లో చేత్తో తిప్పుతారు. స్క్రూడ్రైవర్ మొన హౌసింగ్‌కు, పిడి చెవికి ఆనించి వింటారు. టైరు కింద గునపం పెట్టి పైకి లేపితే, బేరింగ్‌లో వదులుంటే కటుక్కుమని చేతికే తెలుస్తుంది.

వరి ప్రాంతాల్లో ఈ చప్పుళ్లు ఎక్కువగా దమ్ము చేసిన తర్వాత మొదలవుతాయి. కేజ్‌వీల్స్ అదురుకు బోల్టులు వదులవుతాయి. గడ్డి, ప్లాస్టిక్ తాళ్లు యాక్సిల్‌కు చుట్టుకుని సీలును కోస్తాయి. ఆ సందులోంచి బురదనీళ్లు లోపలికి పోతాయి. డ్రెయిన్ బోల్టు విప్పితే గేర్ ఆయిల్ పాలు పోసిన టీ రంగులో దిగుతుంది. దాన్ని తెల్లగుడ్డ మీద వేసి చూడాలి. మెత్తటి బూడిదరంగు పొడి వయసుతో వచ్చేదే. గోటికి తగిలే ఇనుప పెచ్చులుంటే మాత్రం బండి ఆ రోజు కదలకూడదు.

అన్ని చప్పుళ్లూ రోగాలు కావు. పట్టు కోసం టైర్లలో ముప్పావువంతు దాకా నీళ్లు పట్టించిన బండి మెల్లగా పోతుంటే గళగళమంటుంది. సెకండ్‌హ్యాండ్‌లో కొత్తగా కొన్నవాడు అది విని కంగారుపడతాడు. పాత క్రౌన్, పినియన్ బరువు మీద సన్నగా ఊళ పెడతాయి. అవి కలిసి అరిగిన జోడీ. ఒకదాన్నే మారిస్తే కొత్త పన్ను పాత పంటితో కుదరక రొద పెరుగుతుంది. మారిస్తే రెండూ మార్చాలి, లేదా ఊళ మారకుండా ఉన్నంతకాలం ఆ జోడీని అలాగే పని చేసుకోనివ్వాలి. మారుతోందా లేదా అన్నది రోజూ సీటు మీద కూర్చునేవాడికి తెలియదు, వాడి చెవి దానికి అలవాటు పడిపోయింది. పండక్కి వచ్చిన బావమరిది ‘‘ఏంటి బావా, పోయినేడు ఇంత మోత లేదే’’ అంటే చిన్నబుచ్చుకోకుండా, తాళం అతని చేతికిచ్చి తాను గట్టు మీద నిలబడి వినడం మంచిది.

సీలు మార్చి, కొత్త ఆయిల్ పోసి, నట్లు బిగించాక తొట్టి తగిలించకుండా కాసేపు నడిపి, ఆపి, మళ్లీ బిగించాలి. ఆ తర్వాత రెండు వైపులా హౌసింగ్ మీద చేయి ఆనించి చూడాలి. రెండూ ఒకేలా గోరువెచ్చగా ఉంటే తొట్టి తగిలించవచ్చు. ఒకవైపు ఎక్కువగా కాలుతుంటే మళ్లీ జాకీ ఎక్కించాల్సిందే.