ఊగుడు అలవాటైన బండి

మదనపల్లె మార్కెట్‌కు టమాటా తోలే ఒకాయనకు సొంత పికప్ బండి ఉండేది. కొన్నాళ్లుగా అడుగు పెట్టెల్లో కాయ చితికిపోతోంది. మండీలో ధర కోసేస్తున్నారు. ఆయన ముందు రోడ్డును తిట్టుకున్నాడు. తర్వాత పెట్టెలు మార్చాడు. చివరికి లోడెత్తే కూలీలతో తగవు పెట్టుకున్నాడు.

పండక్కి వచ్చిన మేనల్లుడు ఒకరోజు పక్క సీట్లో కూర్చున్నాడు. మెకానిక్ షెడ్డులో పని నేర్చుకుంటున్న పిల్లవాడు. ఊరి పొలిమేర దాటకముందే అడిగాడు:

“మామా, గుంతలో దిగి లేచినాక కూడా బండి ఊగతానే ఉందే, నీకు తెలీడం లేదా?”

“రోజూ తోలేవాణ్ణి నేను. నాకు తెలీంది నీకేం తెలిసిందిరా?”

ఇంటికొచ్చాక అల్లుడు వెనక చక్రాల దగ్గర కూర్చుని టార్చి వేసి చూపించాడు. ఒక షాకబ్జర్ ఒంటినిండా ఆయిల్ కారి, దానిమీద దుమ్ము అట్టకట్టి ఉంది. మామ చెయ్యి పట్టుకుని టైరు నిమిరించాడు. ఒకచోట ఎత్తు, ఒకచోట పల్లం. బరువు మోసేవి కమాన్లు. ఎగిరిపడే ఆ కమాన్లను పట్టి నిలిపేది షాకబ్జర్. దాని లోపలి పిస్టన్ సన్నని రంధ్రాల గుండా ఆయిల్‌ను నెడుతుంటే, ఊపంతా వేడిగా మారి అణిగిపోతుంది. ఆయిల్ కారిపోయాక ఊపును ఆపేది లేదు. టైరు రోడ్డును వదిలి వదిలి పట్టుకుంటుంది, బ్రేకు తొక్కినా బండి ఇంకాస్త దూరం పోయిగానీ ఆగదు. కాయ చితకడం వీటన్నిటిలో చిన్న నష్టం.

“కారేది ఒకటే కదా, ఒకటే తెప్పించు” అన్నాడు మామ.

“రెండూ ఒకేసారి బిగించినవి మామా. ఒకటి కొత్తదీ ఒకటి పాతదీ అయితే బండి రెండు పక్కలా ఒక్క తీరుగా నిలవదు. జతగా మార్చాల్సిందే.”

మార్చే ముందు రోజు సాయంత్రమే తుప్పు పట్టిన నట్లకు నూనె కొట్టి పెట్టారు. తెల్లారి జాకీ ఎత్తగానే మామ కిందికి దూరబోయాడు. అల్లుడు భుజం పట్టి వెనక్కి లాగాడు. ముందు చక్రాలకు అటూ ఇటూ దుంగలు అడ్డం పెట్టి, వెనక ఇరుసు కింద స్టాండ్లు నిలిపాకే దూరనిచ్చాడు. కొత్తవి ఎక్కించాక కూడా బోల్టులు పూర్తిగా బిగించలేదు. బండి దించి, బరువు చక్రాల మీద పడ్డాకే చివరి బిగింపు. వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు బుష్‌లు మెలిపడి తొందరగా చిరుగుతాయి.

సాయంత్రం అదే గుంత. దిగింది, లేచింది, నిలిచింది. మామ బండి పక్కకు ఆపాడు.

“కొన్న కొత్తల్లో ఇట్లాగే ఉండేదిరా. మరిచేపోయినాను.”

మర్నాడు మార్కెట్‌లో కూలీల దగ్గరికి వెళ్లి, తప్పు తన బండిదేనని చెప్పాడు.

నీతి: కొంచెం కొంచెంగా అరిగేదాన్ని రోజూ వాడేవాళ్లు పసిగట్టలేరు. మామ అబద్ధమాడలేదు. ఊగుడు పెరిగినకొద్దీ ఆయన ఒళ్లు దానికి సర్దుకుంది, నింద మాత్రం కూలీల మీద పడింది. నన్ను బాధపెట్టేది అదే. లోపం మన బండి కిందే ఉండగా, మాట పడేది రెక్కల కష్టం చేసేవాళ్లు. అందుకే ఎంత అనుభవం ఉన్నా, కొత్తగా ఎక్కినవాళ్ల మాట చెవిన పెట్టాలి.

బండి ఉన్నవాళ్లు, 80,000 కిలోమీటర్లు దాటితే ఒకసారి వంగి ఆయిల్ మరక ఉందేమో చూడండి, టైరు నిమరండి. ఇంటి దగ్గర మీరే మార్చుకుంటే మంచిదే. జాకీ ఒక్కదాన్నే నమ్మి మాత్రం బండి కిందికి దూరకండి.