కృశించుట తపస్సగునా?

క్రొవ్వు కరగించుకొనవలయునను కోరిక నేడు మన గృహములలో ప్రబలినది. తెల్లవారుజామున లేచి నాలుగు మైళ్లు నడచువారును, వ్యాయామశాలలో బరువులెత్తువారును ఇంటికి వచ్చి రెండిడ్డెనలతో సరిపుచ్చుకొని, పగలు మజ్జిగతో గడపి, రాత్రి భోజనము మానుచున్నారు. ఆకలికి తాళినకొలది పుణ్యము కూడుననియు, కడుపునిండ తినుట యపరాధమనియు వీరి మనస్సులలో నొక భావము నాటుకొన్నది. ఈ భావము యుక్తమా యని విచారింతము.

లెక్క మాట ముందు చెప్పెదము. దేహము వ్యయించుదానికంటె తక్కువ తిననిదే క్రొవ్వు కరగదు. దీనిని కాదనుట కవకాశము లేదు. ఎంత తక్కువ యనునదియే ప్రశ్న. ఒక కిలోగ్రాము దేహపుక్రొవ్వునం దించుమించు 7,700 కెలోరీల శక్తి నిలువయుండును. దినమునకు 500 కెలోరీలు తగ్గించి తినువానికి అది కరగుటకు పక్షము దినములు పట్టును. వారము దినములలో 5 కిలోలు దిగితిమని పొంగిపోవువారు పోగొట్టుకొన్నది చాలవరకు నీరు, కొంత కండ. కండ పోయినవాడు రేపటి నాలుగు మైళ్లు ఎవరి కాళ్లతో నడచును?

ఆకలిని కేవలము మనోనిగ్రహముచే గెలువవచ్చునని తలంచువారు అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయమున జరిగిన పరీక్షను తెలిసికొనవలయును. యుద్ధమువలన నాకటికి చిక్కిన ప్రజలను మరల నెట్లు పోషింపవలయునో యెఱుగుటకై, ఆన్సెల్ కీస్ అను శాస్త్రజ్ఞుడు 1945లో 36 మంది యువకులకు 24 వారములు అర్ధాహారము పెట్టెను. వారు వారమునకు 22 మైళ్లు నడవవలసియుండెను. వీరందఱును చంపుటకు మనస్సాక్షి యొప్పదని సైన్యమున చేర నిరాకరించినవారు. తమంతట తామే ఈ పరీక్షకు ముందుకు వచ్చినవారు. వీరికి దృఢచిత్తము లేదని యెవ్వరనగలరు? అట్టివారే దేహభారమున నించుమించు నాలుగవవంతు పోగొట్టుకొని, చిరచిరలాడుచు, చదువునం దాసక్తి చెడి, వంటల పుస్తకములు చదువుచు కూర్చుండిరి. అన్నము కొఱతపడినకొలది వారి మనస్సు లన్నమునకే దాసములయ్యెను.

శుష్కోపవాసమును విడిచి సుజాత యిచ్చిన పాయసమును గ్రహించిన గౌతముని కథ మన పిల్లలకును దెలిసినదే. భగవద్గీతయు ఆఱవ యధ్యాయమున అతిగా తినువానికిని, బొత్తిగా తిననివానికిని యోగము లేదనుచున్నది. ఇందు రెండవ మాటను మనవారు మఱచిరి. (ఏకాదశి పేర నేతితో ఉప్పుపిండియు, వేయించిన చిలగడదుంపలును కడుపార నారగించువారు రెంటిని మఱచిరి.)

మఱి శ్రమించువా డేమి తినవలయును? భారతీయ వైద్య పరిశోధన మండలి 2020లో చేసిన నిర్ణయము ననుసరించి 60 కిలోల మనిషికి దినమునకు 50 గ్రాముల మాంసకృత్తులు కావలయును. 100 గ్రాముల బియ్యమున నవి 7, 8 గ్రాములకు మించవు. అంతే కందిపప్పులో 20 గ్రాములకు పైగా నుండును. కావున బరువు తగ్గుటకని పప్పును, పెరుగును, గ్రుడ్డును మానుట కండను మానుటయే. తగ్గింపదగినది అన్నపురాశి, కాఫీలోని చక్కెర, గ్రామునకు 9 కెలోరీల నిచ్చు నూనె. అన్నము తగ్గినచోట ఆకుకూరయు, బీరకాయయు, సొరకాయయు చేరిన కడుపు వెలితిపడదు.

ఇంతవరకు చెప్పినది తన విస్తరిలో నేమి యుండవలయునో తానే నిర్ణయించుకొనగల వానికి. ఇంటి యిల్లాలి మాట యేమి? ఉదయము మొదలు రాత్రివరకు వంగుచు, లేచుచు, మోయుచు నుండు నామె శ్రమ వ్యాయామశాల పట్టికలో చేరదు. కుమారునికి కండ పట్టవలయునని పప్పంతయు వాని విస్తరిలోనే పోయబడును. కడపట తాను కూర్చుండునప్పటికి మిగులునది అన్నము, చారు, ఆవకాయ. అన్నముతోనే ఆకలి తీర్చుకొనవలసిన యామె మేను బరువెక్కినచో, నోరు కట్టుకొనలేదని ఇంటివారే పరిహసింతురు. చాలదన్నట్లు వారమునకు రెండుపూటలు నోములపేర నామె పస్తుండును. తానై కోరి యొక ముద్ద తగ్గించుకొనుట నిగ్రహమనుకొందము. పప్పుగిన్నె అడుగంటినందున తగ్గినదానికి ఆ పేరు పెట్టుట మాకు సమ్మతము కాదు. వడ్డన కారంభించుటకు ముందే ఆమె పాలు వేఱొక గిన్నెలో తీసి మూతపెట్టుట ఆ కుమారునికి బరువులెత్తుటకంటె కష్టమా?